శాంతియుత ధర్నాకు అల్లర్ల కేసు: వీడియో ఎప్పుడు ఇవ్వాలి?

మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. పొగాకుకు గిట్టుబాటు ధర కోసం పోలీసుల అనుమతితోనే రోడ్డు వారన ధర్నాకు కూర్చున్నాం. మధ్యాహ్నం పన్నెండున్నరకు మోటారు సైకిళ్లపై వచ్చిన కొందరు ఒక కారు అద్దాలు పగలగొట్టి వెళ్లిపోయారు. నాన్న టెంటు కిందే ఉన్నారు. అయినా భారతీయ న్యాయ సంహితలో చట్టవిరుద్ధ గుంపు, అల్లర్లకు సంబంధించిన 189, 190, 191(2) సెక్షన్ల కింద ఆయన పేరూ చేర్చారు.

అయిదుగురు గుమిగూడితే సరిపోదు, చట్టం చెప్పిన నేర ఉద్దేశం ఉమ్మడిగా ఉండాలి, ఆ ఉద్దేశంతో బలప్రయోగం జరిగితేనే అల్లర్ల నేరం అని చదివాను. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. మావాళ్ల చేతుల్లో ప్లకార్డులు, మజ్జిగ గ్లాసులు తప్ప ఏమున్నాయి?

అనుమతి పత్రం చూపిస్తే స్టేషన్లో కోర్టులో చెప్పుకోమన్నారు. ఎదుటి దుకాణం సీసీ కెమెరాలో ఆ రోజు రికార్డు చెరిగిపోయింది. అడిగిన ఇద్దరు న్యాయవాదులు చెరొక మాట చెప్పారు. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 35(3) కింద విచారణకు రమ్మని నాన్నకు నోటీసు వచ్చింది.

12.20 నుంచి 12.40 వరకు ఆపకుండా తీసిన వీడియో నా ఫోనులో ఉంది. కారు దగ్గర గొడవ, కదలకుండా కూర్చున్న నాన్న, రెండూ అందులో కనిపిస్తాయి. దాన్ని ఇప్పుడే దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలా, లేక ఛార్జిషీటు వచ్చాక కోర్టులోనే పెట్టాలా?