34 మందితో లిండిస్‌ఫార్న్: పౌర్ణమి శనివారం కాజ్‌వే దాటడం గురించి సలహా కావాలి

పిల్లలకోడి:

నమస్కారం. ఇక్కడ ఇంగ్లండ్‌లోని తెలుగు కుటుంబాలం కలిసి వేసవిలో ఒక రోజు యాత్ర పెట్టుకుంటాం. ఈసారి నార్తంబర్లాండ్ తీరంలోని లిండిస్‌ఫార్న్, అదే హోలీ ఐలాండ్, చూద్దామనుకున్నాం. మొత్తం 34 మందిమి. డెబ్బై దాటిన పెద్దవాళ్లు నలుగురు, పదేళ్లలోపు పిల్లలు ఏడుగురు, మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మా అత్తగారు ఉన్నారు. యార్క్‌షైర్ నుంచి కోచ్ బస్సు మాట్లాడాం. ఏడున్నరకు బయలుదేరితే పదకొండుకల్లా అక్కడ ఉంటాం.

పుణ్యక్షేత్రానికి పౌర్ణమి నాడు వెళితే బాగుంటుందని పెద్దవాళ్లు ముచ్చటపడ్డారు, ఆ శనివారమే ఖాయం చేశాం. ద్వీపానికి వెళ్లే రోడ్డు, అదే కాజ్‌వే, సముద్రం పోటు వేళ నీళ్లలో మునిగిపోతుంది. దాటే వేళలకు స్థానిక కౌన్సిల్ వేసిన పట్టిక ప్రకారం ఆ రోజు రోడ్డు ఉదయం 5:50 నుంచి మధ్యాహ్నం 1:05 వరకు సురక్షితం. మళ్లీ సాయంత్రం 6:20కి తెరుచుకుంటుంది.

నా సందేహాలు ఇవి. పదకొండుకు దాటి, ప్రయరీ (పాత క్రైస్తవ మఠం) శిథిలాలు చూసుకుని ఒంటిగంటకు వెనక్కి రాగలమా? కుర్రవాళ్లు ఏడెనిమిది మంది కోచ్ ఎక్కకుండా, ఇసుక మీద కర్రలు పాతిన పిల్‌గ్రిమ్స్ వే వెంట నడిచి వస్తామంటున్నారు. మూడు మైళ్లే కదా, గంటన్నరలో వచ్చేస్తామని వాళ్ల ధీమా. పంపవచ్చా? ఇంకొకటి, పట్టికలో ఇచ్చిన వేళకు అటూ ఇటూ కొంత వెసులుబాటు ఉంటుందా?

సరదారాయుడు:

ఇంత కంగారెందుకండీ. మేము కారులో వెళ్లాం. పట్టికలో వేళ దాటాక కూడా బండ్లు వస్తూనే ఉన్నాయి. టైర్లు తడిశాయి, అంతే. రేపు ఎవరైనా దావా వేస్తారేమోనని కౌన్సిల్ వాళ్లు మూసే వేళను ఓ అరగంట తగ్గించి రాస్తారు. హాయిగా వెళ్లి రండి.

ఉప్పుగాలి:

రాయుడు గారూ, మీ టైర్లు తడిసి ఊరుకున్నాయంటే అది ఆ రోజు గాలి చలవ. ఆ కాజ్‌వే మొదట్లో మునిగిన కారు బొమ్మతో, ఇది మీరే కావచ్చు అని పెట్టిన బోర్డు మీకు కనిపించే ఉంటుంది. ఊరికే పెట్టలేదు.

నేను ఈ తీరంలో నడక బృందాలను తీసుకెళ్లే పనిలో ఉన్నాను. పిల్లలకోడి గారికి వివరంగానే రాస్తాను.

ఆ రోడ్డులో అన్నిటికంటే పల్లం ప్రధాన భూభాగం వైపు కొసకు దగ్గరగా, వంతెన ఉన్న చోట. అక్కడే గుంజల మీద నిలబెట్టిన తెల్లటి గది, పైకి మెట్లు కనిపిస్తాయి. అది చిక్కుకుపోయినవాళ్లు ఎక్కి ప్రాణాలు దక్కించుకునే గది. ద్వీపం నుంచి ఆలస్యంగా బయలుదేరిన కారు దారంతా పొడి రోడ్డు మీద ధీమాగా వస్తుంది. తీరా ఎదురుగా ఒడ్డు కనిపిస్తోందనగా నీళ్లు అడ్డం వస్తాయి. ఇంత దూరం వచ్చాం, ఈ కాస్త దాటేద్దాం అనిపించేది అక్కడే. మనుషులు మెట్లెక్కుతారు, కారు సముద్రానికి వదిలేయాలి.

ఇక పౌర్ణమి మాట. అమావాస్య, పౌర్ణముల దగ్గర పోటు పెద్దగా ఉంటుందని మనకు తెలిసిందే. ఈ తీరానికి ఇంకో సంగతి ఉంది. ఆ రోజుల్లో ఇక్కడ పోటు నిండుకునేది మధ్యాహ్నం దాటాకే. అందుకే మీ పట్టికలో రోడ్డు తెల్లవారుజామున తెరుచుకుని ఒంటిగంటకే మూతపడుతోంది. అంటే మీరు ఎంచుకున్నది నీరు ఎక్కువగా వచ్చే రోజు, పైగా యాత్రికులు తిరిగే వేళంతా దారి మూసి ఉండే రోజు.

నీరు ఎంత వేగంగా పెరుగుతుందో మీ పెద్దవాళ్లకు ఇలా చెప్పండి. ఆటు తేలినప్పటి నుంచి, అంటే నీరు పూర్తిగా తగ్గినప్పటి నుంచి, పోటు నిండుకునేదాకా ఆరు గంటలు. మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతే వస్తుంది, రెండో గంటలో రెండు వంతులు, మూడో, నాలుగో గంటల్లో మూడేసి వంతులు, ఆపైన తగ్గుతుంది. పౌర్ణమి రోజుల్లో ఇక్కడ ఆటుకూ పోటుకూ తేడా నాలుగు మీటర్ల పైచిలుకు. అంటే మూడో, నాలుగో గంటల్లో నీరు గంటకు మీటరు చొప్పున లేస్తుంది. రోడ్డు మూసే వేళ సరిగ్గా ఆ నాలుగో గంట చివర. పావుగంట ఆలస్యమంటే జానెడు నీళ్లు. పారే నీరు ముప్పై సెంటీమీటర్లుంటే చిన్న కారును తేల్చేస్తుంది.

వెసులుబాటు అడిగారు. పట్టిక లెక్క కట్టిన ఆటుపోట్లను బట్టి వేసినది, ఆ రోజు వాతావరణం దానికి తెలియదు. ఉత్తరం నుంచో తూర్పు నుంచో గాలి గట్టిగా వీస్తే, గాలి పీడనం పడిపోతే నీరు ముందే వస్తుంది, ఎక్కువగానూ వస్తుంది. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. వేళ మిగిలి ఉన్నా రోడ్డు మీద నీరు కనిపిస్తే ఆగిపోవడమే.

కుర్రవాళ్ల నడక మాత్రం ఆ రోజున వద్దే వద్దు. ఆ కర్రల దారిన నడవాల్సింది నీరు వెనక్కి తీసేటప్పుడు. ఆటు తేలే వేళకు అవతల ఒడ్డున ఉండాలి. మీ శనివారం ఆటు ఉదయం తొమ్మిది ప్రాంతంలో తేలుతుంది. పదకొండుకు అడుగుపెడితే అప్పటికే రెండు గంటలుగా నీరు పెరుగుతూ ఉంటుంది. మూడు మైళ్లు గంటన్నర అన్నది తారు రోడ్డు లెక్క. తడి ఇసుక, మడమ దాటి దిగే బురద, దాటవలసిన కాలవలు, మధ్యలో ఫొటోలు, అన్నీ కలిపితే బృందానికి రెండు గంటలు తక్కువ పడవు. సముద్రం ఎదురుగా గీత గీసినట్టు రాదు. పల్లపు కాలవల్లో నుంచి మీ వెనక్కి చేరుతుంది. ముందు ఇసుక పొడిగా కనిపిస్తూనే ఉంటుంది, తిరిగి చూస్తే వచ్చిన దారి ఉండదు. పడమటి తీరాన మోర్‌కాంబ్ అఖాతంలో 2004 ఫిబ్రవరిలో చిప్పలు ఏరుకునే చైనా కూలీలు కనీసం 21 మంది అలాగే నీళ్లు చుట్టుముట్టి చనిపోయారు.

నా మాట వినేటట్లయితే యాత్రను సరిగ్గా ఒక వారం తరువాతకు జరపండి. పోటు రోజుకు సగటున యాభై నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది, వారానికి దాదాపు ఆరు గంటలు. అప్పటికి చంద్రుడు సగమై పోటూ చిన్నదవుతుంది, మధ్యాహ్నమంతా మీ చేతిలో ఉంటుంది.

పెద్దబండి:

నేను కోచ్ నడుపుతాను. ఉప్పుగాలి గారు చెప్పినదానికి డ్రైవరు సీటులోంచి కొంచెం కలుపుతాను.

34 మంది, అందులో పెద్దవాళ్లు, పిల్లలు. రండి అని పిలిచిన క్షణం నుంచి చివరివాళ్లు కూర్చునేదాకా ఇరవై నిమిషాలు. బాత్రూమ్ వరస ఉంటే అరగంట. నేనైతే పట్టికలో మూసే వేళకు గంట ముందే తలుపు మూస్తాను, ఆ వేళే అందరికీ చెబుతాను, అసలు వేళ ఎవరికీ చెప్పను. చెబితే దాన్నే పట్టుకుంటారు. ఆ దారి మధ్యలో పన్నెండు మీటర్ల బండిని వెనక్కి తిప్పే ఆశ వదులుకోవాలి.

ద్వీపంలోనే ఉండిపోయి 6:20కి వస్తాం అనుకుంటారేమో, దానికీ ఓ చిక్కుంది. నాలుగున్నర గంటల డ్రైవింగుకు మాకు 45 నిమిషాల విరామం తప్పనిసరి, అది పెద్ద సమస్య కాదు. రోజువారీ విశ్రాంతి 11 గంటలు. అంటే ఉదయం బండి తనిఖీ మొదలుకొని రాత్రి తాళం వేసేదాకా 13 గంటలు. విశ్రాంతిని 9 గంటలకు కుదించే వీలు అప్పుడప్పుడే ఉంటుంది. ఏడుంబావుకు పని మొదలుపెట్టినవాణ్ణి రాత్రి పదింటిదాకా నడపమంటే కంపెనీ రెండో డ్రైవరు ఖర్చు అడుగుతుంది. ముందే మాట్లాడుకోండి.

నీరు తీసేసిన రోడ్డు మీద నాచు ఉంటుంది, ఇసుక ఉంటుంది. ఫ్రాన్స్‌లో గువా అనే ఇలాంటి దారి మీదే 1999 టూర్ డి ఫ్రాన్స్‌లో సైకిళ్లు గుంపుగా జారి పడ్డాయి. తెరుచుకోగానే ముందు నేనే వెళ్లాలనే తొందర నాకు లేదు. ఓ పావుగంట ఆగి వెళతాను.

పిల్లలకోడి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అందరినీ ఫోనులో కూర్చోబెట్టి మాట్లాడాను. పౌర్ణమి పోయిందని మామగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు కానీ జానెడు నీళ్ల లెక్క చెప్పాక ఒప్పుకున్నారు. తరువాతి శనివారం రోడ్డు 11:40 నుంచి సాయంత్రం 7:20 దాకా ఉంది, ఆటు మూడు దాటాక పది నిమిషాలకు తేలుతుంది. ఎనిమిదిన్నరకు బయలుదేరి పన్నెండుకు చేరతాం. కోచ్ తలుపు సాయంత్రం ఐదున్నరకు మూస్తాం, అదే అందరికీ చెబుతాను.

కుర్రవాళ్లు ఒంటిగంటకు ఇసుకలో దిగితే సరిపోతుందా? వాళ్లను ఎలా నడిపించాలి? దారిలో పొగమంచు కమ్మితే?

ఉప్పుగాలి:

ఒంటిగంట సరిగ్గా సరిపోతుంది. ఒంటింబావు దాటినా దిగకపోతే ఇక నడక లేదు, అందరూ కోచ్‌లోనే అని ముందే గట్టిగా చెప్పండి. నడక ఒక వైపే, తిరుగు ప్రయాణం బండిలో.

ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు, ఇద్దరూ పెద్దవాళ్లే ఉండాలి. వెనక నడిచేవారికి ఓపిక ఉండాలి, వారిని దాటి ఎవరూ వెనకబడకూడదు. నెమ్మదిగా నడిచేవారిని ముందు మనిషి పక్కనే నడిపించండి. వెనక పెడితే వాళ్లు వచ్చి చేరేసరికి మిగిలినవాళ్లు విశ్రాంతి ముగించుకుని లేస్తారు, పాపం వాళ్లకు విశ్రాంతే దొరకదు. ప్రతి కాలవ దాటాక తలలు లెక్కపెట్టండి. ఫోన్లు తడవని సంచిలో పెట్టుకోవాలి. ఆపద వస్తే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి, ఏ కర్ర దగ్గర ఉన్నారో చెప్పలేకపోయినా ఏ ఒడ్డుకు దగ్గరో చెప్పాలి. కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు చాలామందే ఉన్నారు, గుల్లలు కోసుకుంటాయి కాబట్టి నేను మాత్రం బిగుతుగా ఉండే పాత బూట్లు వేయమంటాను. బురదలో కాలు దిగబడితే లాగి పెనుగులాడకుండా, వెనక్కి వాలి మెల్లగా కదిలిస్తూ తీయాలి.

మంచు గురించి అడిగినందుకు సంతోషం, చాలామంది అడగరు. బయలుదేరే చోట నిలబడితే వరసగా చాలా కర్రలు దూరం దాకా కనిపించాలి. కనిపించకపోతే దిగవద్దు. మధ్యలో కమ్ముకుంటే అందరూ ఒక్కచోట చేరి, ఉన్న కర్ర దగ్గర నుంచి తరువాతి కర్ర కనిపిస్తేనే కదలండి. అదీ కనిపించకపోతే ఆలోచించకుండా ఫోన్ చేయండి. దారిలో నడిచేవాళ్ల కోసం ఎత్తున కట్టిన ఆశ్రయ గదులున్నాయి. అవి దారి తప్పినప్పుడే, పిక్నిక్ కోసం కాదని కుర్రవాళ్లకు చెప్పండి.

అన్నట్టు, మధ్యకు వచ్చాక ఎవరో మూలుగుతున్నట్టు దూరం నుంచి వినిపిస్తుంది. భయపడవద్దు, ఇసుక దిబ్బల మీద పడుకున్న సీల్స్ అవి.

శుక్రవారం సాయంత్రం గాలి అంచనా చూసి ఇక్కడ రాయండి. తూర్పు గాలి గట్టిగా ఉందంటే నడక మానిపించి, కోచ్ తలుపు నాలుగున్నరకే మూయమంటాను.