డీఎన్‌ఏ టెస్ట్‌లో బంధువుల మ్యాచింగ్ ఆన్ చేయాలా, వద్దా?

వేరుమూలం

ట్యూబులో ఉమ్మి పట్టి పంపితే వంశమూలాలు చెప్పే టెస్టుల్లో ఒక్క సెట్టింగ్ మీదే గొడవంతా. అదే కంపెనీలో టెస్ట్ చేయించుకున్న మిగతావాళ్ళ డీఎన్‌ఏతో మనది పోల్చి, రక్తసంబంధీకుల జాబితా చూపే మ్యాచింగ్. నేను ఆన్ చేయాలనే పక్షం. అది ఆఫ్‌లో పెట్టుకునేట్టయితే కిట్ తెప్పించడమే దండగ అంటాను.

ఎందుకంటే అప్పుడు మిగిలేది శాతాల పటం ఒక్కటే. మన జన్యుపదార్థంలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే ల్యాబ్‌లో డీఎన్‌ఏ చదవడానికి వాడే చిప్ చూసేది 6, 7 లక్షల చోట్ల మాత్రమే. చదివిన ముక్కలను కంపెనీ తన దగ్గరున్న నమూనా సమూహాలతో పోల్చి, ఇది ఫలానా ప్రాంతం వాళ్ళకు దగ్గరగా ఉందని అంచనా కడుతుంది. ఆ సమూహాల్లో ఉన్నది ఈ కాలపు మనుషులు, మన ముత్తాతల తరం వాళ్ళు కాదు. కొత్త సమూహాలు చేర్చినప్పుడల్లా మన శాతాలు మారిపోతాయి, డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారకపోయినా సరే. 2019లో కెనడా ప్రసార సంస్థ సీబీసీ ఒకే అండం నుంచి పుట్టిన కవలల నమూనాలను ఐదు కంపెనీలకు పంపింది. కంపెనీకీ కంపెనీకీ పొంతన లేదు సరికదా, ఒకే కంపెనీ ఆ ఇద్దరికీ వేరువేరు శాతాలు ఇచ్చిన సందర్భమూ ఉంది.

మ్యాచింగ్‌లో ఇద్దరి మధ్య ఉమ్మడిగా ఉన్న డీఎన్‌ఏని నేరుగా కొలుస్తారు. నమ్మదగిన భాగం అదే.

తాళంచెవి

వేరుమూలం గారూ, శాతాల గురించి మీరన్నదంతా ఒప్పుకుంటాను. నా అభ్యంతరం మ్యాచింగ్ అంత నిక్కచ్చిగా పనిచేయడం మీదే.

కాలిఫోర్నియాలో 1970, 80 దశకాల్లో వరుస హత్యలు చేసిన జోసెఫ్ డీఏంజెలో 2018లో పట్టుబడింది దూరపు చుట్టాల డీఎన్‌ఏ దారిలోనే. హంతకుడు దొరకడం మంచిదే, అందులో వాదన లేదు. కానీ ఆ చుట్టాలు జెడ్‌మ్యాచ్ లాంటి వంశవృక్షాల సైట్లలో డేటా పెట్టింది పోలీసుల కోసం కాదు. 2019 మేలో జెడ్‌మ్యాచ్ నియమం మార్చి, ముందుగా ఒప్పుకున్నవాళ్ళ డేటానే దర్యాప్తుకు చూపిస్తామంది. అంటే అప్పటిదాకా అడిగినవాళ్ళే లేరు.

ఇక 2023లో ఇలాంటి టెస్టులు చేసే ట్వెంటీత్రీ అండ్ మీ కంపెనీలో జరిగింది చూడండి. వేరే చోట్ల లీకైన పాస్‌వర్డ్‌లనే ఇక్కడా వాడినవాళ్ళ ఖాతాల్లోకి దొంగలు చొరబడ్డారు. నేరుగా తెరిచినవి దాదాపు 14,000 ఖాతాలు. కానీ బయటికి పోయింది దాదాపు 69 లక్షల మంది సమాచారం. మిగతావాళ్ళ పాస్‌వర్డ్ గట్టిదే అయినా, ఎవరో చుట్టం జాబితాలో కనిపిస్తున్నందుకు దొరికిపోయారు. వాళ్ళందరికీ ఉన్న ఒకే లోపం, మ్యాచింగ్ లాంటి పంచుకునే సదుపాయాలు ఆన్‌లో ఉండటం.

పిపెట్

ల్యాబ్ వైపు నుంచి రెండు మాటలు.

మొదటిది, శాతాలన్నీ చెత్త అనడం అన్యాయం. ఖండం స్థాయిలో చెప్పేది చాలావరకు నిలబడుతుంది. పక్కపక్క ప్రాంతాలను విడదీసి 3 శాతం, 4 శాతం అన్నప్పుడే అది గాల్లో మేడ. కంపెనీ ఇచ్చే అంచనా పరిధిని తెరిచి చూడండి. పరిధి 0 నుంచి మొదలైతే ఆ ప్రాంతం లేనట్టే అనుకోవడం మేలు.

రెండోది, ఆన్, ఆఫ్ సంగతి తర్వాత, ముందు నమూనా సరిగా వెళ్ళాలి. 30 నిమిషాల ముందు నుంచి తినడం, తాగడం, పొగ, చూయింగ్ గమ్, పళ్ళు తోముకోవడం అన్నీ ఆపాలి. ఎక్కువ కిట్లకు కావాల్సింది 2 మిల్లీలీటర్ల దాకా లాలాజలం. గీత దాకా నిండాల్సింది ద్రవం. నురగ లెక్కలోకి రాదు, చాలా నమూనాలు తక్కువైపోయేది ఇక్కడే. మూత బిగిస్తే అందులోని ద్రావణం కిందికి దిగుతుంది. ఐదారు సెకన్లు బాగా కుదపాలి. కలవకపోతే దారిలోనే డీఎన్‌ఏ పాడై, బ్యాక్టీరియా పెరిగి, చిప్ మీద చాలా చోట్ల చదవడం కుదరదు. నోరెండిపోయే పెద్దవాళ్ళకు బుగ్గలు బయట నుంచి మెల్లగా రుద్దితే లాలాజలం ఊరుతుంది, లేదంటే బుగ్గలోపల తిప్పే స్వాబ్ కిట్ తీసుకోండి.

ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఈ టెస్టుకు పనికిరారు. లాలాజలంలో తెల్లరక్తకణాలుంటాయి, అవి దాత డీఎన్‌ఏ మోస్తాయి. వచ్చే జాబితాలో దాత చుట్టాలు కలిసిపోవచ్చు.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు చేయించుకుంటుంటే ఒకరిది పూర్తిగా ముగించి, బార్‌కోడ్ వాళ్ళ పేరు మీద నమోదు చేశాకే రెండో పెట్టె తెరవండి. అన్నదమ్ముల ట్యూబులు తారుమారైతే ల్యాబ్ పట్టుకోలేదు.

వేరుమూలం

మంచి వివరాలండీ పిపెట్ గారూ. తాళంచెవి గారు చెప్పిన రెండు ఉదాహరణలకూ జవాబు చెప్పాలి.

2018లోనే వచ్చిన ఒక పరిశోధన 12.8 లక్షల మంది ఉన్న డేటాబేస్ మీద లెక్కగట్టింది. ఐరోపా మూలాలున్న అమెరికన్లలో ఎవరి గురించి వెతికినా 60 శాతం పైగా సందర్భాల్లో, ముత్తాత తల్లిదండ్రులు ఒకరే అయినంత దగ్గరి చుట్టం దొరుకుతాడని తేలింది. వెతికించుకుంటున్న మనిషి టెస్టే చేయించుకోనక్కర్లేదు. మీరొక్కరు స్విచ్ ఆఫ్ చేసినంత మాత్రాన మీ దాకా వచ్చే దారి మూసుకుపోదు. మూసుకుపోయేది మీకు రావాల్సిన జవాబు.

ఆ జవాబు ఎలా వస్తుందో చెబుతాను. ఉమ్మడి డీఎన్‌ఏని సెంటీమోర్గాన్లనే కొలమానంలో లెక్కిస్తారు. తల్లి లేక తండ్రితో సుమారు 3,450 ఉంటుంది. సొంత తోబుట్టువులతో 2,600 దగ్గర. 1,750 దగ్గర వస్తే తాత, మేనమామ, సవతి తోబుట్టువు, ఎవరైనా కావచ్చు, వయసు చూసి తేల్చుకోవాలి. పెద్దనాన్న, మేనత్త, పిన్ని పిల్లల వరసైతే సగటు 870, కానీ 400 నుంచి 1,400 దాకా ఎక్కడైనా పడొచ్చు. ముత్తాత ఒకరే అయితే సగటు 230. ఇంకో తరం పైకి వెళితే 73కి పడిపోతుంది, పదిమందిలో ఒకరితో అసలేమీ కలవదు. కలవలేదు కాబట్టి చుట్టం కాడు అనడానికి వీల్లేదన్నమాట.

జాబితా రాగానే 90 నుంచి 400 మధ్య ఉన్నవాళ్ళను మాత్రమే తీసుకోండి. పైనున్న మొదటి పేరు తెరిచి, అతనితోనూ మీతోనూ కలిసేవాళ్ళందరికీ ఒక రంగు వేయండి. రంగు పడని తర్వాతి పేరుకు ఇంకో రంగు. సాఫీగా సాగితే నాలుగు గుంపులు తేలతాయి, ఇద్దరు తాతలు, నానమ్మ, అమ్మమ్మ, ఈ నలుగురిలో ఒక్కొక్కరి వైపుకు ఒక గుంపు. ఏ గుంపు ఎవరిదో ఇంట్లో తెలిసిన ఒక్క పేరుతో పట్టుకోవచ్చు.

దగ్గర చుట్టాల మధ్యే తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగిన వంశాల్లో మాత్రం రంగులన్నీ కలిసిపోతాయి. అక్కడ మొత్తం అంకె మోసం చేస్తుంది. ఇద్దరిలోనూ తెగకుండా ఒకే వరసగా కలిసిన అతి పొడవైన డీఎన్‌ఏ ముక్క చూడండి. మొత్తం 200 ఉండి పొడవైన ముక్క 12 దాటకపోతే అవి పాత బంధుత్వాలు పలు దారుల్లో వచ్చి పోగుపడినవి. అదే 200లో 60 పొడవు ముక్క ఒకటుంటే నిజంగా దగ్గరివాడు. 7 కంటే చిన్న ముక్కల జోలికి పోవద్దు, వాటిలో చాలావరకు యాదృచ్ఛికంగా కలిసినవే.

కొత్తచిగురు

నాకు కావాల్సింది తండ్రి వైపు వంశం ఒక్కటే. దానికి కూడా ఈ జాబితా అవసరమా?

వేరుమూలం

కొడుకుకు తండ్రి నుంచే వచ్చే వై క్రోమోజోమ్ టెస్ట్ విడిగా ఉంది. ఆడవాళ్ళయితే తండ్రి, అన్నదమ్ములు, బాబాయి, ఎవరో ఒకరి నమూనా కావాలి. తల్లి వైపు గీతకు మైటోకాండ్రియా టెస్ట్. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పది తరాలు వెనక్కి వెళితే 1,024 స్థానాలుంటాయి, ఈ ఒక్కో టెస్ట్ చెప్పేది అందులో ఒక్కరి గురించే. వై టెస్ట్ ఇచ్చే శాఖ పేరు వేల ఏళ్ళనాటిది, దాన్నిబట్టి ఇంటిపేరు చరిత్ర రాసుకోకూడదు.

జన్యుసలహా

మీ ఇద్దరి వాదనలోనూ ఇంట్లో మిగతావాళ్ళు కనబడట్లేదు. మ్యాచింగ్ ఆన్ చేస్తే ముందుగా బయటపడేది ఎక్కడో ఉన్న పూర్వీకుడు కాదు, తండ్రి అనుకున్న మనిషి తండ్రి కాకపోవడం. చరిత్రలో జరిగిన జనాభా పరిశోధనల ప్రకారం ఇది తరానికి 1 శాతం చుట్టుపక్కల ఉంటుంది. తక్కువే, కానీ జాబితాలో వేలమంది ఉంటారు. దాత వీర్యంతో పుట్టిన పిల్లల విషయమూ ఇంతే. దాత పేరు బయటపెట్టబోమని ఆస్పత్రి ఇచ్చిన మాట ఇప్పుడు ఎవరూ నిలబెట్టలేరు.

కాబట్టి తల్లిదండ్రులు బతికుంటే కిట్ తెరవకముందే వాళ్ళతో మాట్లాడండి. ‘అనుకోనిది తేలితే చెప్పమంటారా, వద్దంటారా’ అని సూటిగా అడగండి. ఫలితం వచ్చాక అడిగితే అది అడగడం కాదు, చెప్పేయడమే. మైనర్ పిల్లల నమూనా పంపవద్దు.

ఆరోగ్య నివేదిక గురించి కూడా. 2018లో అమెరికా మందులు, వైద్య పరీక్షల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ క్యాన్సర్ ముప్పు చెప్పే ఇంటి టెస్టుకు మొదటిసారి అనుమతించింది రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు సంబంధించిన బీఆర్‌సీఏ జన్యువుల్లో మూడే మార్పులకు. తెలిసిన హానికర మార్పులు వెయ్యికి పైగా. ‘ఏమీ లేదు’ అని రావడం ధైర్యానికి ఆధారం కాదు. రెండో వైపు చూస్తే, ముడి డేటాలో, అంటే చిప్ చదివిన అక్షరాల ఫైలులో, ప్రమాదకరంగా కనిపించి నిర్ధారణకు పంపిన మార్పుల్లో 40 శాతం తప్పని 2018లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఆస్పత్రి ల్యాబ్‌లో మళ్ళీ చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

తాళంచెవి

జన్యుసలహా గారి మాటతో నా వాదన ఇంకా బలపడింది. వేరుమూలం గారూ, ‘నువ్వు ఆఫ్ చేసినా దారి మూయలేవు’ అన్నారు. ఆ దారి వేసిందే మనలాంటివాళ్ళు ఒక్కొక్కరుగా. ఇంకొకరిని చేర్చకపోవడం కూడా నిర్ణయమే.

కంపెనీ మాట ఎన్నాళ్ళు నిలుస్తుందో కూడా చూడాలి. ట్వెంటీత్రీ అండ్ మీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. కోటిన్నర మంది డేటా కంపెనీ ఆస్తుల్లో ఒకటిగా అమ్మకానికి వచ్చింది. కొన్నది దాని వ్యవస్థాపకురాలి లాభాపేక్ష లేని సంస్థే, కానీ వేరే ఎవరైనా కొనే వీలుండింది. 2008 నాటి అమెరికా చట్టం ఆరోగ్య బీమాకూ ఉద్యోగానికీ రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు ఇవ్వదు. ఫ్రాన్స్‌లోనైతే ఇలా సరదాకు టెస్ట్ చేయించుకోవడమే నేరం.

అయినా ఆన్ చేస్తామంటే ఇలా చేయండి. దీనికోసమే కొత్త ఈమెయిల్. ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్. రెండంచెల ధ్రువీకరణ. పేరు బదులు పొడి అక్షరాలు. పుట్టిన ఏడాది, ఊరు, బతికున్నవాళ్ళ పేర్లు వృక్షంలో కనిపించకుండా పెట్టాలి. దర్యాప్తు సంస్థలకు, పరిశోధనకు ఇచ్చే అనుమతులు వేరువేరు చోట్ల ఉంటాయి, రెండూ చూడండి.

వేరుమూలం

ఈ జాగ్రత్తలన్నిటికీ సరేనంటాను. ఇంకొకటి కలుపుతాను: శాశ్వతంగా ఆన్‌లో ఉండక్కర్లేదు. ఆరు నెలలు తెరిచి, గుంపులు తేల్చుకుని మూసేయొచ్చు. ఆన్ చేయాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. దత్తత వెళ్ళినవాళ్ళకు, కాగితాలేవీ మిగలని కుటుంబాలకు ఇంకో దారి లేదు.

తాళంచెవి

ఆరు నెలల గడువు నాకు నచ్చింది, దత్తత వెళ్ళినవాళ్ళ విషయంలో అభ్యంతరం లేదు. మిగతావాళ్ళకు వద్దనే అంటాను.

పిపెట్

ఖాతానే మూసేసేవాళ్ళు వరస తప్పితే పని చెడుతుంది. ముందు మ్యాచ్‌ల పేర్లు, సెంటీమోర్గాన్లు, ఉమ్మడి మ్యాచ్‌లు రాసి పెట్టుకోండి, ఖాతా పోతే అవి తిరిగి రావు. తర్వాత ముడి డేటా ఫైలు దింపుకుని తాళం వేసిన ఫోల్డర్‌లో పెట్టండి. అది మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరు తెరిచినా చదవగలరు, వాట్సాప్‌లో పంపకండి. ఆ తర్వాత పరిశోధన అనుమతి రద్దు. ఇప్పటికే అయిపోయిన పరిశోధనల్లోంచి మాత్రం డేటా వెనక్కి రాదు. మిగిలిన లాలాజలాన్ని నాశనం చేయమనే అభ్యర్థన చాలా చోట్ల విడిగా పెట్టాలి, ఖాతా తొలగించాక దాన్ని పెట్టే దారే ఉండకపోవచ్చు. అది పూర్తయినట్టు ఈమెయిల్ వచ్చాకే డిలీట్ నొక్కండి.