అప్‌డేట్: బడికి బయలుదేరే వేళ మా ఇంట్లో గొడవ తగ్గింది

రెండో తరగతి చదివే మా పాప ఉదయం లేవనని మొరాయించడం, నేను అరవడం, చివరికి ఇద్దరమూ ముఖాలు మాడ్చుకుని ఆటో దగ్గరికి పరుగెత్తడం గురించి గత నెల అడిగాను. ముందు రాత్రిని సరిచేయమని కొందరు చెప్పినప్పుడు నాకు పెద్దగా నమ్మకం కలగలేదు.

అయితే లెక్క వేసి చూస్తే, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావలసి ఉండగా, పదిన్నరకు పడుకుని ఆరింటికి లేచే మా పాపకు దక్కుతున్నది ఏడున్నర గంటలే. ఇప్పుడు ఎనిమిదికల్లా అన్నం పెట్టి, టీవీ కట్టేసి, తొమ్మిదింటికి లైటు ఆర్పేస్తున్నాము. మొదటి నాలుగు రోజులు ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నదే తప్ప నిద్రపోలేదు, తర్వాత కుదుటపడింది.

యూనిఫాం, బెల్టు, సాక్సులు దోపిన బూట్లు రాత్రే గడప పక్కన పెట్టడం పాప పనే కాబట్టి, ఒంటి సాక్సు కోసం మంచం కింద దూరే అవసరం తప్పింది. "తింటావా" అని అడగడం మాని, "ఉగ్గాని చేయనా, దోశ పోయనా" అని రాత్రే అడుగుతున్నాను. మా కర్నూలులో ఉగ్గాని వద్దనే పిల్లలు ఎక్కడుంటారు, అందులోనూ బజ్జీ ఉంటే!

జడల దగ్గర మాత్రం పూర్తిగా రాజీ కుదరలేదు. వాళ్ళ అవ్వ రాత్రే నూనె రాసి, చిక్కు తీసి, వదులుగా అల్లుతున్నందున ఏడుపు తగ్గింది, సోమవారం తప్ప. ఆదివారం తలంటు కదా.