నాపరాళ్లు, పెన్నా గులకరాళ్లతో మొక్కల అక్వేరియం: ఏ రాయి నీటిని మారుస్తుంది?

పెన్నాతీరం (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న గాజు తొట్టిలో మంచినీటి మొక్కల అక్వేరియం ఏర్పాటు చేయాలనుకుంటున్నాను. దుకాణాల్లో దొరికే రంగురాళ్లు, ప్లాస్టిక్ కోటలు కాకుండా మా ప్రాంతపు రాళ్లతోనే దాన్ని అమర్చాలని నా కోరిక. బండల పాలిష్ యూనిట్ల వద్ద పొరలు పొరలుగా విరిగిన నల్లని నాపరాతి ముక్కలు ఎన్నో దొరుకుతాయి. వాటిని ఒకదానిపై ఒకటి పేరిస్తే గండికోట లోయ గోడల్లా కనిపిస్తాయి. పెన్నా ఇసుకలో నునుపైన గులకరాళ్లు కూడా ఉన్నాయి. మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాల కొలత) 900 దాకా చూపిస్తోంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టే ఆలోచన ఉంది. ఈ రాళ్లను వాడవచ్చా? వాడేముందు ఎలా పరీక్షించాలి? నియాన్ టెట్రా చేపలను పెంచాలని మా పిల్లల ఆశ.

రాతిపొర:

పెన్నాతీరం గారూ, మీరు అడిగిన రెండు రకాల రాళ్లూ పక్కపక్కనే దొరికినా నీటిలో వాటి ప్రవర్తన పూర్తిగా వేరు. అందుకే ఆకారం సంగతి తరువాత చూసుకుని, ముందు రాయి స్వభావాన్ని తెలుసుకోవాలి.

తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో తవ్వే నాపరాయి సున్నపురాయే. దానిలో ప్రధానంగా ఉండే కాల్షియం కార్బొనేట్ మామూలు నీటిలో చాలా నెమ్మదిగా కరుగుతుంది. కానీ నీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటే కార్బొనిక్ ఆమ్లం ఏర్పడి, రాతిని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చి తనలో కలుపుకుంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను భూగర్భ జలం తొలిచింది ఈ చర్యతోనే. గుహలకు యుగాలు పట్టవచ్చు గానీ, మీరు సిలిండర్‌తో రోజూ వాయువు పంపే తొట్టిలో కొన్ని వారాలకే నీటి కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) పెరగడం పరీక్షలో కనిపిస్తుంది. అంటే నాపరాయిని, కార్బన్ డయాక్సైడ్‌ను ఒకే తొట్టిలో పెడితే ఆ వాయువు మొక్కలకు అందడంతో పాటు రాయిని కూడా కరిగిస్తూ ఉంటుంది.

గులకరాళ్ల విషయంలో అంత భయం లేదు. గండికోట వద్ద పెన్నా కోసుకుంటూ వెళ్లే ఆ నిటారైన గోడలు క్వార్ట్‌జైట్ రాతివి. అది ప్రధానంగా సిలికా కాబట్టి నీటితో ఏ చర్యా జరపదు. పలుగురాయి, గ్రానైట్ కూడా అంతే. అయితే నదిలో అన్ని రకాల రాళ్లూ కలిసి కొట్టుకువస్తాయి గనుక, నునుపుగా ఉన్నదల్లా క్వార్ట్‌జైట్ అనుకోకుండా ప్రతి రాయినీ విడిగా పరీక్షించండి.

వెనిగర్ చుక్కలతో చేసే పరీక్ష గురించి చాలామంది చెబుతారు. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి బుడగలు రాకపోయినంత మాత్రాన రాయి సురక్షితమని నిర్ణయించలేం. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం మెరుగు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఆరుబయట ఒక్క చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే నురగలు కక్కుతుంది. మీ జిల్లా పక్కనే వేంపల్లె పరిసరాల్లో డోలమైట్ విస్తారంగా ఉంది. అది రాయిగా ఉన్నప్పుడు చల్లని ఆమ్లానికి సరిగా స్పందించదు. ఒక మూలను గోకి, ఆ పొడి మీద చుక్క వేస్తేనే బుడగలు వస్తాయి. ఆ పొరల్లోనే పులివెందుల వైపు ఆస్‌బెస్టాస్ కూడా ఉంది గనుక, నారలాంటి చారలున్న రాయి కనిపిస్తే దాన్ని గోకవద్దు, పగలగొట్టవద్దు, ఇంటికి తేవద్దు. లోహంలా మెరిసే చారలున్న రాళ్లనూ వదిలేయండి.

నాకు అన్నిటికంటే నమ్మకమైనది బకెట్ పరీక్ష. రెండు బకెట్లలో ఆర్వో నీరు నింపి, ఒకదానిలో రాళ్లు వేసి, మరొకదానిలో రాళ్లు వేయకుండా ఉంచి, వారం తరువాత రెండింటి టీడీఎస్, జీహెచ్ (మొత్తం కాఠిన్యం), కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) కొలిచి పోల్చండి. రాళ్లున్న బకెట్‌లో అంకెలు స్పష్టంగా పెరిగితే మీకు సమాధానం దొరికినట్టే.

నీటితోట:

రాతిపొర గారు రాయి సంగతి వివరంగా చెప్పారు కాబట్టి నేను అమరిక గురించి రాస్తాను.

మీ తొట్టి అంచుదాకా నిండితే 182 లీటర్లు. ఇసుక, రాళ్లు, గాజు బరువు కూడా కలిస్తే మొత్తం 200 కిలోలు సులభంగా దాటుతుంది కాబట్టి, స్టాండు గట్టిగా, సమతలంగా ఉండాలి. పెద్ద రాయిని నేరుగా అడుగు గాజుపై పెట్టకండి. అడుగున పలుచని థర్మోకోల్ షీటు పరిచి, దానిపై రాళ్లను కదలకుండా కూర్చి, ఆ తరువాతే ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి నిలబెడితే, చేపలు కింద తవ్వినప్పుడు అది ఒరిగి గాజును పగలగొట్టే ప్రమాదం ఉంది.

రాళ్లను సబ్బు లేకుండా గట్టి బ్రష్‌తో తోమి, వేడినీరు పోసి కడిగితే చాలు. పొయ్యి మీద మరిగించవద్దు. రాతి సందుల్లో చిక్కిన తేమ ఆవిరైతే రాయి పేలవచ్చు.

అమరికలో జపాన్ వారి ఇవగుమి పద్ధతిని ఒకసారి పరిశీలించండి. అక్వేరియం కళాకారుడు తకాషి అమానో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో బేసి సంఖ్యలో రాళ్లు తీసుకుని, అన్నిటికంటే పెద్దదాన్ని నడిమధ్యన కాక కాస్త పక్కకు, కొద్దిగా వాలుగా నిలుపుతారు. మిగిలిన రాళ్ల చారలన్నీ దాని వాలునే అనుసరిస్తాయి. ఒకే తొట్టిలో ఒకే రకం రాయి వాడితేనే ఆ దృశ్యం సహజంగా ఉంటుందని నా అభిప్రాయం. జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలను నూలు దారంతో రాళ్లకే కట్టవచ్చు. వాటి అడ్డకాండం ఇసుకలో పూడిపోతే కుళ్లుతుంది.

మొదటి వారాల్లో లైటు రోజుకు 6 గంటలు మించకుండా చూసుకుంటే నాచు అదుపులో ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలు. మీ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే విషరూపంలో ఉండే అమోనియా వాటా దాదాపు 10 రెట్లవుతుంది. సున్నపురాళ్లు పీహెచ్‌ను అటువైపే నెడతాయి.

పెన్నాతీరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. గులకరాళ్లలో చాలావాటికి బుడగలు రాలేదు; నాపరాయికి మాత్రం వెంటనే నురగ వచ్చింది. అయినా ఆ పొరల అందాన్ని వదులుకోవడానికి మనసొప్పడం లేదు. కార్బన్ డయాక్సైడ్ లేకుండా, బోరు నీటితోనే నాపరాళ్ల అమరిక చేస్తే ఏ మొక్కలు, ఏ చేపలు బతుకుతాయి?

రాతిపొర:

తప్పకుండా చేయవచ్చు. మీ బోరు నీటిలో ఇప్పటికే కాఠిన్యం ఎక్కువగా ఉండి ఉంటుంది కాబట్టి, పైనుంచి వాయువు పంపకపోతే నాపరాయి దానికి అదనంగా చేర్చేది తక్కువే. అయినా టీడీఎస్ 900లో ఉప్పు ఎంతో, కాఠిన్యం ఎంతో మీటరు చెప్పదు. జీహెచ్, కేహెచ్ విడిగా కొలవండి.

వాలిస్నేరియా, హైడ్రిల్లా ఇలాంటి నీటికి సరైన మొక్కలు. అవి కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు నీటిలోని బైకార్బొనేట్‌ను కూడా వాడుకోగలవు. అంటే మీ రాయి విడిచేది కొంత వాటికే ఉపయోగపడుతుంది. చేపల్లో గప్పీలు, మోలీలు, ప్లాటీలు కఠిన జలాన్ని ఇష్టపడతాయి. నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మెత్తని, ఆమ్ల జలాలకు చెందినవి కాబట్టి వాటిని ఈ తొట్టిలో వేయడం న్యాయం కాదు. పిల్లలు వాటినే కోరితే, గులకరాళ్లతో ఆర్వో నీరు ఎక్కువగా కలిపిన వేరే చిన్న తొట్టి పెట్టండి.

నీటితోట:

మరొక్క మాట. మీ ప్రాంతపు వేసవిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటుతుంది. చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది గానీ, నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. ఆ లోటును మళ్లీ బోరు నీటితో నింపితే కాఠిన్యం వారం వారం పేరుకుపోతుంది. అందువల్ల తగ్గిన నీటిని ఆర్వో నీటితో నింపండి. వారానికి నాలుగో వంతు నీరు మార్చేటప్పుడు మాత్రం బోరు నీరు వాడండి.