షుగర్ ఉన్న నాన్న తిండికి పిల్లలు కాపలా కాయొచ్చా?

తెనాలి ఆడపడుచు:
కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్నకు 69 ఏళ్లు. బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 18 ఏళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండు పూటలా వేసుకుంటారు. మార్చిలో హెచ్‌బీఏ1సీ చేయిస్తే 8.1 వచ్చింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది, ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.

8.1 అనగానే డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి టెన్షన్ పట్టుకుంది. భుజం వెనక అతికించే సెన్సర్ కొని పంపాడు. అది 14 రోజులు పనిచేస్తుంది, షుగర్ ఎంతుందో ఫోన్లో గీతలా కనిపిస్తుంది. ఆ గీత తమ్ముడి ఫోన్లో కూడా కనబడేలా పెట్టాం. 180 దాటితే వాడి ఫోన్ మోగుతుంది. వాడు పొద్దున ఆరింటికి లేచేసరికి ఇక్కడ సాయంత్రం నాలుగున్నర, అంటే సరిగ్గా నాన్న పలహారం వేళ. రోజూ అదే ఫోను: "నాన్నా, ఇప్పుడేం తిన్నావు?"

పోయిన ఆదివారం మా పెదనాన్న కొడుకు గృహప్రవేశం. నాన్న పంక్తిలో కూర్చుని బొబ్బట్టు తుంచారో లేదో ఫోన్ మోగింది. స్పీకరులో ఉందని వాడికి తెలియదు. "అది తీసి పక్కన పెట్టు" అని వాడన్న మాట పక్కన కూర్చున్న వియ్యపురాలు కూడా విన్నారు. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. విస్తరి మడిచి చెయ్యి కడుక్కున్నారు. రాత్రికి సెన్సర్ పీకేసి చెత్తబుట్టలో పడేశారు. అప్పటికి తొమ్మిదో రోజు.

"ఈ వయసులో నాకు జైలెందుకమ్మా" అంటున్నారు. ఇలా వదిలేస్తే కిడ్నీలు పోతాయని తమ్ముడి వాదన. అమ్మ ఎటూ మాట్లాడదు. మేం చేస్తున్నది సేవా, జులుమా?

కృష్ణలంక కుర్రాడు:
సేవే. ఇందులో రెండో మాట లేదు. మా నాన్నను మేం "పోనీలే, పెద్దాయన" అని వదిలేశాం. కాలి బొటనవేలికి చెప్పు ఒరుసుకుంది. నొప్పి లేదు కదా అని ఆయన చెప్పలేదు, మేమూ చూడలేదు. మూడు వారాలకు వేలు తీశారు, ఆర్నెల్లకు మోకాలి కింద దాకా తీశారు. ఇప్పుడు ఆయన బాత్రూమ్‌కి వెళ్లాలన్నా నేను పట్టుకోవాలి. స్వేచ్ఛ గురించి ఆయన్ను అడగండి, చెబుతారు. మీ తమ్ముడు నలుగురిలో పరువు తీయడం తప్పే. పట్టించుకోవడం మాత్రం తప్పు కాదు.

ఇన్సులిన్ సిరి:
అన్నా, మీ నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ ఆయన కాలు పోయింది చెప్పు గాయం ఎవరూ చూడకపోవడం వల్ల అని మీరే రాశారు. పంక్తిలో బొబ్బట్టు లాక్కుంటే ఆ గాయం కనబడేదా?

నాది టైప్ 1, ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం. పదకొండో ఏట వచ్చింది, ఇప్పుడు 27. ఇంట్లో అందరూ నా మీటరులో అంకెను ప్రోగ్రెస్ కార్డులా చూసేవాళ్లు. 110 వస్తే "మంచి పిల్ల", 260 వస్తే "ఏం గడ్డి తిన్నావే". జ్వరమొచ్చినా పెరుగుతుంది, పరీక్షల భయానికీ పెరుగుతుంది, నెలసరి ముందూ పెరుగుతుంది. ఇవేవీ ఎవరికీ పట్టేవి కావు. ఏడాది తిరక్కుండా అబద్ధాలు నేర్చుకున్నా. మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికిచ్చే కంట్రోల్ సొల్యూషన్ అనే ద్రవాన్ని రక్తానికి బదులు చుక్క వేసి మంచి అంకె చూపించేదాన్ని. అక్కా, మీ నాన్నగారు సెన్సర్ పీకేశారంటే కనీసం నిజాయితీగా పీకేశారు. నాలాంటి వాళ్లమైతే మీకు తెలియకుండా ఇంకేదో చేసేవాళ్లం.

అన్నం గరిటె:
అమ్మ ఎటూ మాట్లాడదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే నాకు కాలింది. మా ఆయనకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు. జబ్బు ఆయనది, డాక్టరు చీటీ ఆయన పేరు మీద, చాకిరీ నాది. అంకె పెరిగితే "నువ్వేం వండావు" అనేదీ నన్నే.

బొబ్బట్టు మీద ఇంత యుద్ధం చేశారు కదా, రాత్రి కంచంలో అన్నం ఎంత పడుతోందో మీ తమ్ముడు ఎప్పుడైనా అడిగాడా? వండిన అన్నం వంద గ్రాములకు దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం. బంగినపల్లి గుజ్జు వంద గ్రాములకు 15. మామిడిపండు ముక్క కనబడితే ఇల్లంతా గగ్గోలు పెడతారు, పెరుగన్నం మూడో గరిటె వేస్తుంటే ఎవరూ చూడరు. ఇక జొన్నరొట్టె, రాగిసంకటి ఎంత తిన్నా పర్లేదనే వాళ్లకో నమస్కారం. జొన్నలైనా రాగులైనా పిండిలో డెబ్బై శాతం దాకా అదే సరుకు. పీచు ఉంటుంది, మంచిదే. అలాగని నాలుగు రొట్టెలు లాగించమని కాదు.

నేను మా ఇంట్లో చేసిందొక్కటే. కూర గిన్నె పెద్దది చేశా, అన్నం గిన్నె చిన్నది చేశా, అందరికీ అదే భోజనం. "ఆయనకు వేరే" అన్న మాట ఆపేశాక గొడవలు సగం తగ్గాయి. పండక్కి చేసిన బూరెలు దాచిపెట్టను కూడా.

ఫిట్‌నెస్ బాబాయ్:
ఇంత చర్చ దేనికండీ. నలభై రోజులు అన్నం, రొట్టె, పండ్లు బంద్ చేసి కొబ్బరినూనె, నిమ్మరసం, గుడ్లు, మాంసం మీద ఉండమనండి. మొదటి రోజే మాత్రలు ఆపేయొచ్చు. మా వీధిలో ఐదుగురికి తగ్గింది.

నైట్ డ్యూటీ:
బాబాయ్ గారూ, మీ వీధి సంగతి నాకు తెలియదు కానీ ఆ సలహా ఇక్కడ చదివి పాటించేవాళ్లుంటారు. టైప్ 1 వాళ్లు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదకొస్తుంది. అన్నం ఒక్కసారిగా మానేసి గ్లిమిపిరైడ్ అలాగే వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడతారు. డైట్ మార్చాలంటే ముందు మందు మోతాదు డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. మొదటి రోజే మాత్రలు ఆపమన్న ఆ ముక్క తీసేయండి.

ఇక తెనాలి మేడమ్‌కి. నేను పదహారేళ్లుగా స్టాఫ్ నర్సుని. మీ పోస్టులో 8.1 చూసి నాకు భయం వేయలేదు. 69 ఏళ్లు, 18 ఏళ్ల షుగర్, రెండు పూటలా గ్లిమిపిరైడ్, ఇవి చదివాక భయమేసింది. ఆ మాత్ర పనేమిటంటే తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. పెద్దవాళ్లు రాత్రి సరిగ్గా తినకుండా అది వేసుకుని పడుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. అమెరికా డయాబెటిస్ సంఘం మార్గదర్శకాల్లో కూడా అందరికీ ఒకే అంకె ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు 7.0 నుంచి 7.5 లోపు, అనేక జబ్బులున్న వాళ్లకు 8 లోపు ఉన్నా సరిపెట్టుకోమంటారు.

మీకో ప్రశ్న. తొమ్మిది రోజుల గీత తమ్ముడి దగ్గర ఉందిగా. పగటి కొండలు అందరూ చూశారు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఎవరైనా చూశారా?

కృష్ణలంక కుర్రాడు:
సిస్టర్ గారూ, మీమీద గౌరవంతోనే అంటున్నా, "8 అయినా పర్లేదు" అన్న మాట మావాళ్ల చెవిన పడితే రేపట్నుంచి జిలేబీలే. బ్రిటన్‌లో 1998లో వచ్చిన యూకేపీడీఎస్ అనే షుగర్ పరిశోధన ఫలితం నేనూ చదివాను. సగటు 7.9 ఉన్న వాళ్లకంటే 7.0కి తెచ్చుకున్న వాళ్లలో కళ్లు, కిడ్నీల లాంటి చిన్న రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. అంకెకు విలువ లేదంటే ఎలా?

నైట్ డ్యూటీ:
విలువ లేదని నేననలేదు. ఆ పరిశోధనలో ఉన్నవాళ్లు అప్పుడే షుగర్ బయటపడ్డ వాళ్లు, 65 దాటనివాళ్లు. వాళ్లకు గట్టిగా పట్టడం వల్ల మేలు జరిగింది, నిజం. దాని పక్కనే రెండోదీ చదవండి. అమెరికాలో అకార్డ్ అని 10,251 మందితో చేశారు, ఏళ్ల తరబడి షుగర్ ఉండి గుండె ముప్పు ఎక్కువున్నవాళ్లతో. సగం మందికి హెచ్‌బీఏ1సీ 6 లోపు తేవాలని గట్టిగా మందులిచ్చారు. ఆ గుంపులో 257 మంది, మామూలుగా చూసిన గుంపులో 203 మంది చనిపోయారు. 2008 ఫిబ్రవరిలో ఆ గట్టి వైద్యం ఆపేశారు. ఎందుకలా జరిగిందన్నది ఇప్పటికీ వాదనే. ముప్పయ్యేళ్ల మనిషికి పెట్టిన గీత డెబ్బై ఏళ్ల మనిషికి పెట్టకూడదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

మీ భయం నాకు అర్థమవుతుంది బాబూ. డ్రెస్సింగ్ గదిలో నేను రోజూ చూసేవి ఆ కాళ్లే.

రిటైర్డ్ మాస్టారు:
ఇంతమంది నాన్నల గురించి మాట్లాడుతున్నారు, ఒక నాన్న కూడా మాట్లాడాలి కదా. నాకు 72. షుగర్ 22 ఏళ్లు. 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి ఉందని లెక్క తేల్చిందట, అందులో నేనొకణ్ని.

డాక్టరుగారు పుస్తకంలో రోజూ షుగర్ రాయమంటారు. నేను వెళ్లే ముందు రోజు రాత్రి కూర్చుని నెల రోజులవి ఒకేసారి రాస్తాను. అనుమానం రాకుండా నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చి మార్చి. పిల్లల కాపీలు పట్టుకున్న మాస్టారిని, ఆ మాత్రం కిటుకు తెలియదా. చెడ్డ పనే. ఎందుకు చేస్తానంటే, అంకె బాగుంటే డాక్టరుగారు నవ్వుతూ మాట్లాడతారు, కోడలు కాఫీ ఇస్తుంది. బాగాలేకపోతే ఆ రోజంతా నేను మనిషిని కాను, రోగిని.

అమ్మా, నీకొక్కటే చెబుతాను. మీ నాన్న ఎక్కువైంది దాచడు, దాచలేడు, సెన్సర్ చెప్పేస్తుంది. తక్కువైతే దాస్తాడు. ఒకసారి కళ్లు తిరిగాయని చెబితే ఇక ఒంటరిగా గుడికి కూడా పంపరని మాకు తెలుసు. తిన్నావా అని కాదు, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగి చూడు.

ఇన్సులిన్ సిరి:
మాస్టారూ, రెండు పెన్నులు! నాకు తట్టనేలేదు.

నైట్ డ్యూటీ:
మాస్టారి మాట నవ్వులాట కాదు. ఈ విసుగుకు వైద్యంలో వేరే పేరే ఉంది, డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. 1995లోనే దాన్ని కొలవడానికి ఇరవై ప్రశ్నల పట్టిక తయారైంది, పెయిడ్ అని. షుగర్ చూసుకోవడంలో ఇంట్లోవాళ్లు, స్నేహితులు మనకు అండగా లేరనిపిస్తుందా అన్నది కూడా అందులో ఒక ప్రశ్నే. మన ఓపీలో మనిషికి మూడు నిమిషాలు దొరికితే గొప్ప, అవన్నీ ఎవరడుగుతారు.

తెనాలి ఆడపడుచు:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. చాలా జరిగింది.

తమ్ముడి చేత రాత్రి గీతలు తీయించాను. తొమ్మిది రాత్రుల్లో నాలుగింట్లో మూడింటి ప్రాంతంలో 70 కిందకు దిగింది. ఒకరోజు 54. వాడు మోగేలా పెట్టుకున్నది 180 పైకి మాత్రమే. మనకు తెల్లవారుజాము మూడంటే వాడికి ఆఫీసు వదిలే వేళ. నాన్నేమో ఫోన్ హాల్లో చార్జింగుకు పెట్టి పడుకుంటారు. మోగినా ఎవరికీ వినబడదు.

మాస్టారు చెప్పినట్టే అడిగాను, తెనాలి వెళ్లి, ఎదురుగా కూర్చుని. ముందు "బాగానే పడుతోంది" అన్నారు. తర్వాత అమ్మ నోరు విప్పింది. కొన్నాళ్లుగా తెల్లవారుజామున బనియన్ తడిసిపోయి లేస్తున్నారట. తలగడ కింద పల్లీచిక్కీ పెట్టుకుంటున్నారట. సాయంత్రం తమ్ముడి ఫోన్ భయానికి రాత్రి అన్నం తగ్గించేసి, మాత్ర మాత్రం మానకుండా వేసుకుంటున్నారు. చిక్కీ కాగితాలు అమ్మే తీసి పారేస్తోంది. "చెబితే మళ్లీ మీరిద్దరూ మీద పడతారని" అన్నారు నాన్న. నాకు నోట మాట రాలేదు.

డాక్టరుగారు గీతలు చూసి రాత్రి గ్లిమిపిరైడ్ ఆపేశారు, మిగతావి రెండు వారాల తర్వాత చూద్దామన్నారు.

కృష్ణలంక గారూ, ఇది మీకోసం. నేనే గుర్తుచేసి కాళ్లు చూపించాను. సన్నటి నైలాన్ పోగుతో పాదం మీద నొక్కి, తెలుస్తోందా అని అడిగారు. కుడి అరికాల్లో వేళ్ల మొదళ్ల దగ్గర నాన్నకు తెలియడం లేదు. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది. మీరు రాయకపోతే నేను చూపించేదాన్ని కాదు.

నైట్ డ్యూటీ:
సెన్సర్ రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది. ఆ భుజం మీద ఒత్తిగిలి పడుకుంటే షుగర్ తగ్గకపోయినా తగ్గినట్టు చూపిస్తుంది. కానీ చెమటలు పట్టాయంటే ఇక్కడ షుగర్ నిజంగానే పడిపోయినట్టే. చిక్కీ వద్దని చెప్పండి, అందులో పల్లీల నూనె వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. మంచం పక్కన గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ పెట్టండి. మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు వేలి రక్తపు చుక్కతో మీటరులో చూసుకోవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి.

కృష్ణలంక కుర్రాడు:
పాదం సంగతి విని నా ఒళ్లు జలదరించింది. ఇక ఆయన్ను ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో నడవనివ్వకండి. ఎండాకాలం గుడిలో బండల మీద అసలే వద్దు, సాక్సులు వేసుకోమనండి. చెప్పులు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, వంగలేకపోతే అమ్మగారు చూడాలి. కాపలా అంటే ఇది కూడా కాపలానే, మేడమ్. ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను.

అన్నం గరిటె:
"వంగలేకపోతే అమ్మగారు చూడాలి." చూశారా, మళ్లీ అమ్మగారే.

కృష్ణలంక కుర్రాడు:
ఒప్పుకున్నా. మా ఇంట్లో ఇప్పుడు నేనే చూస్తున్నా, కాకపోతే చూడ్డానికి ఒక్క కాలే మిగిలింది.

రిటైర్డ్ మాస్టారు:
సెన్సర్ మళ్లీ పెట్టుకుంటారా, లేదా?

తెనాలి ఆడపడుచు:
పెట్టుకున్నారు మాస్టారూ, కానీ షరతులు ఆయనవి. 70 కిందకు పోతే అమ్మ ఫోన్ మోగాలి, అది మంచం పక్కనే ఉండాలి. పైకి పోతే ఎవరి ఫోనూ మోగకూడదు, అది ఆయనే చూసుకుంటారట. తమ్ముడి ఫోన్లోంచి తీసేయించారు. వాడు అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న నాన్నే ఫోన్ చేసి, మామిడిపండు సగం తిన్నాను, రెండు గంటల తర్వాత 171 ఉంది, అని చెప్పారు. వాడు అడగకుండానే.

నైట్ డ్యూటీ:
రాత్రి మాత్ర ఆపారు కాబట్టి పొద్దున పరగడుపు షుగర్ కొన్నాళ్లు కాస్త పెరగొచ్చు. తమ్ముడికి ఇప్పుడే చెప్పి ఉంచండి, లేకపోతే మళ్లీ కంగారు పడతాడు.

తెనాలి ఆడపడుచు:
చెప్పాను. స్క్రీన్‌షాట్ పంపమంటున్నాడు.