స్పెల్‌బౌండ్: కాన్‌స్టన్స్ గెలిచింది డాక్టరుగానా, ప్రేమికురాలిగానా?

పాతరీలు:
హిచ్‌కాక్ 1945లో తీసిన స్పెల్‌బౌండ్ మళ్లీ చూశా. చూడనివాళ్ల కోసం కథ చెప్తున్నా, ముగింపుతో సహా, తర్వాత తిట్టుకోవద్దు. వెర్మాంట్‌లో గ్రీన్ మేనర్స్ అనే మానసిక చికిత్సాలయానికి కొత్త డైరెక్టరుగా వచ్చిన డాక్టర్ ఎడ్వర్డ్స్ (గ్రెగరీ పెక్) నిజానికి ఎడ్వర్డ్సే కాదు. గతం మర్చిపోయి, అసలు ఎడ్వర్డ్స్‌ని తనే చంపానేమోనని వణికిపోతున్న మనిషి. అక్కడి డాక్టర్ కాన్‌స్టన్స్ (ఇంగ్రిడ్ బెర్గ్‌మన్) అతన్ని ప్రేమించి, పోలీసుల కళ్లుగప్పి వెంట తిరుగుతూ వైద్యం చేసి, చివరికి అసలు హంతకుడు పాత డైరెక్టర్ మర్చిసన్ అని తేలుస్తుంది. నా గొడవల్లా ఒకటే, ఇందులో వైద్యం ఎక్కడుంది? "నేను మనసిచ్చినవాడు హత్య చేయడు" అనే మొండితనం తప్ప! పేషెంటు ప్రేమలో పడినా డాక్టరు లొంగకూడదని ఈ మనోవిశ్లేషణ వైద్యానికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లోనే రాశాడు.

నిశాచరి:
వరస తారుమారు చేస్తున్నారండీ. ఆమె ప్రేమలో పడేటప్పటికి అతను పేషెంటు కాదు, ఆమెకి పైఅధికారి. పుస్తకంలో ఎడ్వర్డ్స్ సంతకం ఒకలా, ఈయన చీటీలో సంతకం ఒకలా ఉండటం చూసి పట్టుకుంది కూడా ఆమే, అదీ మనసిచ్చాక. ప్రేమ కళ్లు మూసేస్తే ఆ పని చేస్తుందా?

మిర్చిబజ్జీ:
మీ ఇద్దరి గొడవ ఎలా ఉన్నా ఆ వైద్యం మాత్రం కామెడీ బ్రో. చిన్నప్పుడు తమ్ముడు తన వల్ల చనిపోయాడని గుర్తు రాగానే జబ్బు మాయం, తలకి దెబ్బ తగిలి గతం గుర్తొచ్చే మన హీరోల్లాగే. నిర్మాత సెల్జ్‌నిక్ తన సొంత సైకియాట్రిస్ట్ మే రోమ్‌ని సలహాదారుగా పెట్టుకుని టైటిల్స్‌లో పేరు వేసినా ఇదీ పరిస్థితి. చిత్రకారుడు డాలీ వేసిన కల సీను కోసం, మిక్లోష్ రోజా సంగీతం కోసం చూడాలి అంతే. ఆస్కార్ వచ్చింది కూడా ఆ సంగీతానికే.

పాతరీలు:
నిశాచరి గారూ, సంతకం తేడా పట్టుకున్న మనిషి ఆ తర్వాత చేసిందేంటి? వేరే డాక్టరుకి అప్పజెప్పాల్సింది పోయి, గురువు బ్రూలోవ్ ఇంటికి తీసుకెళ్లి కొత్తగా పెళ్లయినవాళ్లమని అబద్ధం చెప్పింది.

నిశాచరి:
చివరి సీను గురించి ఎవరూ మాట్లాడరేం? ఎడ్వర్డ్స్ తనకి కొద్దిగా తెలుసని మర్చిసన్ నోరు జారాడు, తెలిసుంటే వచ్చినవాడు ఎడ్వర్డ్స్ కాదని మొదటిరోజే చెప్పాలిగా. ఆమె అది పట్టుకుని ఆయన గదికెళ్లి, పేషెంటుకొచ్చిన కలని ముందు పెట్టింది. వృత్తి అభిమానం చూడండి, తన మెడకి చుట్టుకుంటుందని తెలిసి కూడా ఆయన కూర్చుని ఆ కలని విప్పుతుంటాడు. తుపాకీ తీశాక ఆమె అరవదు, బతిమాలదు. మొదటి హత్యకి మతి చలించిందని చెప్పుకోవచ్చు, ఎలక్ట్రిక్ చెయిర్ తప్పుతుంది, లోపల కూర్చుని చదువుకోవచ్చు రాసుకోవచ్చు, నన్ను చంపితే మాత్రం ఆ దారి కూడా ఉండదు అని నెమ్మదిగా చెప్తూ తలుపు వైపు నడుస్తుంది. తుపాకీ గొట్టం ఆమె వెంటే తిరుగుతుంది, పేలదు. ఎదుటి మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో చదివి బతికి బయటపడింది. దీన్ని ప్రేమ అంటారా?

పాతరీలు:
ఆ తెలివి బ్రూలోవ్ ఇంట్లో ఏమైందండీ? అర్ధరాత్రి అతను రేజరు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఈవిడ పైన నిద్రపోతోంది. ముసలాయన పాలల్లో బ్రోమైడ్ అనే మత్తుమందు కలిపి పడుకోబెట్టాడు కాబట్టి సరిపోయింది. ఆడవాళ్లు ప్రేమలో పడనంతవరకే మంచి అనలిస్టులు (మనోవిశ్లేషణ చేసే డాక్టర్లు) అని ఆయన ఊరికే అన్నాడా!

నిశాచరి:
అదే ముసలాయన పొద్దున లేచి పోలీసులకి ఫోన్ చేద్దామన్నాడు కదా. ప్రేమా దోమా లేని, అంత అనుభవమున్న డాక్టరు మాట వినుంటే ఏ పాపం ఎరగనివాడు ఆ రోజే లోపలికి పోయేవాడు, మర్చిసన్ హాయిగా గ్రీన్ మేనర్స్‌లో మళ్లీ డైరెక్టరుగా కూర్చునేవాడు.