అప్‌డేట్: మామూలు లాగిన్‌కి సూపర్‌యూజర్ అధికారం ఎలా వచ్చిందో దొరికింది

పోయిన వారం అడిగాను కదా, కర్నూలులో ఒక ఉల్లి మండీ లెక్కలుండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రిపోర్టుల కోసం ఇచ్చిన లాగిన్ సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయి కూర్చుందని. సెర్చ్ పాత్ (పేరు చెప్తే ఏయే స్కీమాల్లో, అంటే డేటాబేస్ లోపలి అరల్లో, ఏ వరసలో వెతకాలో చెప్పే జాబితా) చూడమన్న అన్నకి దండం, తప్పు అక్కడే ఉంది.

పోస్ట్‌గ్రెస్‌కి అదనంగా తగిలించడానికి మేమే రాసుకున్న ఎక్స్‌టెన్షన్‌లో ఒక ఫంక్షన్ సెక్యూరిటీ డిఫైనర్. అంటే ఎవరు పిలిచినా ఓనర్ అధికారంతో నడుస్తుంది. ఓనరేమో సూపర్‌యూజర్! లోపల రైతు పేరు మీద లోయర్ (పెద్దక్షరాల్ని చిన్నక్షరాలు చేసే ఫంక్షన్) వాడాం. అసలు లోయర్ తీసుకునేది టెక్స్ట్ టైపు, మా కాలమ్ వార్‌చార్ టైపు; రెండూ అక్షరాలవే, కానీ వేరు. ఎవరో పబ్లిక్ స్కీమాలో వార్‌చార్‌కి సరిపోయే లోయర్ ఇంకొకటి పెట్టారు. టైపు అచ్చంగా కుదిరేసరికి పోస్ట్‌గ్రెస్ దాన్నే పిలిచింది, అది సూపర్‌యూజర్ అధికారంతో నడిచింది. 2018లో బయటపడ్డ పాత కిటుకే ఇది.

పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 15 నుంచి పబ్లిక్‌లో అందరికీ క్రియేట్ హక్కు (కొత్తవి పెట్టే హక్కు) ఉండదు కదా అని ధీమాగా ఉన్నా. మాది 13 నుంచి అప్‌గ్రేడ్ చేసింది, పాత హక్కులు అలాగే వచ్చేశాయి.

ఇప్పుడు ఆ హక్కు తీసేశా. ఫంక్షన్‌కి సెర్చ్ పాత్ పీజీ క్యాటలాగ్ (పోస్ట్‌గ్రెస్ సొంత ఫంక్షన్లుండే స్కీమా), చివర్లో పీజీ టెంప్ (తాత్కాలిక వాటి స్కీమా) అని బిగించా. ఓనర్‌గా తక్కువ అధికారాలున్న రోల్ (యూజర్) పెట్టా. ఆ లోయర్ ఎవరు పెట్టారో మాత్రం ఆఫీసులో ఎవరూ నోరు విప్పట్లేదు.